కొలిమి దగ్గర పాచికలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్ 2000లో వచ్చింది. అందులో మనిషిని నిలువునా కప్పే ఉక్కు కవచం వెల 1,500 బంగారు నాణేలు. అంత డబ్బు లేని ఆటగాడు, తన పాత్రకు కమ్మరిపని వచ్చు కాబట్టి, తానే చేసుకుంటానంటాడు. దానికీ ఒక రూల్ ఉంది. వెలలో మూడో వంతు ముడిసరుకుకు కట్టాలి. వారానికోసారి ఇరవై ముఖాల పాచిక వేసి, నేర్పు కలిపి, వచ్చిన మొత్తాన్ని ఆ పని కష్టాంకంతో గుణించాలి. ఆ వారం అన్ని వెండి నాణేల పని జరిగినట్టు లెక్క. ఈ కవచం కష్టాంకం 18. ప్రతి వారం మొత్తం 20 వస్తుందనుకున్నా వారానికి 360 వెండి నాణేల పని. కవచం వెల వెండిలో 15,000. అంటే 42 వారాలు. ఇక తయారైన కవచం మీద మొదటి మెట్టు మంత్రబలం ఎక్కించడానికి మాంత్రికుడికి ఎంతకాలం పడుతుందని చూస్తే, అదే ఎడిషన్‌లో, ఒక్క రోజు.

ఈ లెక్క వేసిన రాత్రే నేను సొంతంగా వృత్తి రూల్స్ రాయడం మొదలుపెట్టాను. మా బల్ల దగ్గర కమ్మరి పాత్ర ఆడుతున్న మిత్రుడు ఆరు నెలలపాటు సుత్తి మోసుకు తిరిగాడు. ఒక్కసారి కూడా దాన్ని ఇనుము మీద వేసే సందర్భం రాలేదు.

ఈ ఆటలు తెలియనివారికి రెండు మాటలు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్, అంటే కథాలోకాన్ని నడిపేవారు. మిగతావాళ్లు ఒక్కో పాత్ర. ఏం చేస్తారో నోటితో చెబుతారు, ఫలితం తేలనప్పుడు పాచిక వేస్తారు. అచ్చయిన రూల్స్ పుస్తకం ఉన్నా, తమకు కావలసినవి మార్చుకోవడం, కొత్తవి రాసుకోవడం ఈ ఆటల పుట్టుకలోనే ఉంది. యుద్ధం, మంత్రం తర్వాత ఇళ్లలో ఎక్కువగా తిరగరాసేది బహుశా చేతిపనుల రూల్సే. తిరగరాసినవాళ్లలో చాలామంది, నాతో సహా, మొదట ధరల పట్టిక తెరుస్తారు. అక్కడే దారి తప్పుతామని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. పనివాడు తన పని దగ్గర నిలబడి ఏం తేల్చుకోవలసి వస్తుందన్న ప్రశ్నతో రూల్ మొదలవ్వాలి. వెల ఆ తర్వాతి సంగతి.

ఈ తప్పుకు పాత కారణం ఉంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఈ ఆట బొమ్మ సైనికుల యుద్ధక్రీడల్లోంచి పుట్టింది. కాబట్టి కత్తి దెబ్బకు లెక్క పక్కాగా ఉంది, కత్తి చేసినవాడికి లేదు. 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఒక చిన్న పట్టిక కనిపిస్తుంది. నూరు ముఖాల పాచిక వేస్తే నీ పాత్ర ఇంతకుముందు ఏ పని చేసేవాడో తేలుతుంది: బెస్త, తాపీమేస్త్రీ, తోలుపనివాడు, వడ్రంగి, బండి తోలేవాడు. తేలాక దానితో ఏం చెయ్యాలో పుస్తకం దాదాపు గేమ్ మాస్టర్‌కే వదిలేసింది. చాలాకాలం నేను దీన్ని లోపమనుకున్నాను. ఇప్పుడు ఆ పట్టిక మీద గౌరవం పెరిగింది, ఎందుకో చివరికి వస్తాను.

మూడో ఎడిషన్ ఆ ఖాళీని అంకెలతో నింపింది. వెలనే కాలానికి కొలగా పెట్టుకోవడం దాని మూలదోషం. ఇనుప గొలుసు, బంగారు గొలుసు ఒకే కష్టాంకంతో అల్లినా బంగారు గొలుసుకు ఎన్నో రెట్లు కాలం పడుతుంది, ఎందుకంటే లోహం ఖరీదు. ఇంకో వింత: పాచిక మొత్తాన్ని కష్టాంకంతో గుణిస్తారు కాబట్టి అదే పాచికకు కష్టమైన పని వెండి లెక్కలో సులువైన పనికన్నా వేగంగా సాగుతుంది. పైగా పనంతా ఒక్కడి చేతిలో జరుగుతున్నట్టే ఆ సూత్రం చూస్తుంది. పదిహేనో శతాబ్దపు మిలాన్‌లో మిస్సాగ్లియా కుటుంబం లాంటివాళ్లు కవచాలు చేసిన తీరు వేరు. అవి పెద్ద కర్మశాలలు. రేకు సాగగొట్టేవాడు ఒకడు, మెరుగుపెట్టేవాడు ఒకడు, తోలుపట్టీలు బిగించేవాడు మరొకడు. అలాంటి చోట కమ్మరి పాత్ర ఆడేవాడి ముందు పని పంచడం, ఎవరిని నమ్మడం, గడువు దగ్గరపడితే ఏ మెరుగు వదిలెయ్యడం లాంటి ప్రశ్నలుంటాయి. వెల సూత్రంలో ఇవేవీ లేవు.

తర్వాతి ఎడిషన్లు ఆ కవచాన్నే ఎన్నిసార్లు తిరిగి కొలిచాయో చూడండి. 2008 నాటి నాలుగో ఎడిషన్ చేతిపనుల, వృత్తుల నేర్పులను పూర్తిగా తీసేసి, మంత్రవస్తువుల తయారీని కొన్ని క్రతువులకు పరిమితం చేసింది. 2014 నాటి ఐదో ఎడిషన్ రోజుకు 5 బంగారు నాణేల పని అంది, కవచానికి 300 రోజులు. 2017లో వచ్చిన జనాథర్స్ గైడ్ టు ఎవ్రీథింగ్ అయిదు రోజుల పనివారానికి 50 నాణేలు అంది, 30 వారాలు. 2024 పుస్తకం రోజుకు 10 అంటోంది, 150 రోజులు. వేగం మారుతూ వచ్చింది, కొలబద్ద మారలేదు. సొంత రూల్స్ రాసేవాళ్లు కూడా ఇలాగే 5ని 20 చేసి, 20ని 50 చేసి తృప్తి పడటం చూశాను. కథ ఎక్కడా ఆగకుండా రాజధాని వైపు పరుగెడుతుంటే 300 రోజులకూ 150 రోజులకూ తేడా ఏముంది? రెండూ ఆ పాత్రకు వద్దని చెప్పినట్టే.

ధర సూత్రంలో ఇంకో చిక్కు సంత. జనాథర్స్ గైడ్ లెక్కనే తీసుకుందాం. కమ్మరి అయిదు రోజులు పనిచేసి, 25 నాణేల సరుకు పెట్టి, 50 నాణేల వస్తువు చేస్తాడు. రోజుకు 5 మిగులు. మూలికల పని తెలిసినవాడు గాయాలు మాన్పే మందు ఒక్క రోజులో 25 నాణేల ఖర్చుతో చేస్తాడు. దాని వెల 50. పట్టిక ధరకు అమ్ముడైతే రోజుకు 25 మిగులు, కమ్మరికి అయిదింతలు. ఆటగాళ్లు తెలివైనవాళ్లు. రెండో వారానికల్లా సాహసయాత్ర మానేసి మందుల దుకాణం పెడతారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

2019 నాటి పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ ఈ చిక్కును సూటిగా ఎదుర్కొంది. మొదట నాలుగు రోజులు పని, సగం వెల సరుకుకు. ఆ పైన వెలలో మిగిలిన సగాన్ని రోజురోజూ తగ్గించుకోవచ్చు. అలా రోజుకు తగ్గే మొత్తం, అదే నేర్పున్న మనిషి కూలికి వెళ్తే సంపాదించే మొత్తానికి సమానం. అంటే చేసుకోవడం, సంపాదించి కొనుక్కోవడం లెక్కలో ఒకటే. రూల్‌గా ఇందులో వంక పెట్టడానికి లేదు, ఎవరికీ అన్యాయం జరగదు. కానీ కమ్మరి పాత్ర ఆడే మనిషికి కావలసింది సమానత్వమా? తన చేత్తో చేసినదానికీ కొన్నదానికీ ఏదో ఒక తేడా ఉండాలనే కదా అతను ఆ పాత్ర ఎంచుకున్నది. అది డబ్బు తేడా కాకపోయినా పర్వాలేదు. పట్టికలో దొరకని వస్తువో, మిత్రుడి చేతికి కొలిచి చేసిన పిడో, పగిలినప్పుడు అతను తప్ప ఎవరూ అతకలేని అతుకో కావచ్చు.

డబ్బు వైపు నుంచి కాక జీవితం వైపు నుంచి వచ్చిన ఆటలు ఇక్కడ మనకు ఎక్కువ నేర్పుతాయి. 1986లో గేమ్స్ వర్క్‌షాప్ తెచ్చిన వార్‌హామర్ ఫాంటసీ రోల్‌ప్లేలో ప్రతి పాత్రకూ ఒక వృత్తి. పడవవాడు, గోరీలు తవ్వేవాడు, ఎలుకలు పట్టేవాడు. ఎలుకలు పట్టేవాడి సామానులో చిన్నదే అయినా కరిచే కుక్క కూడా ఉంటుంది. ఒక వృత్తిలోంచి ఏయే వృత్తుల్లోకి వెళ్లవచ్చో రాసి ఉంటుంది, పాత్ర ఎదుగుదల అంటే ఆ దారుల్లో నడవడమే. ఆ కుక్క లెక్కలకు పెద్దగా పనికిరాదు. అయినా ఆ ఒక్క వాక్యంతో పాత్ర ఇల్లు, బజారు, అతన్ని చూసి ముక్కు మూసుకునే మనుషులు అందరూ బల్ల మీదికి వచ్చేస్తారు. జపాన్‌లో ఆత్సుహిరో ఒకాడా రాసిన ర్యూతామా (2007) ఇంకో అడుగు వేసింది. అందులో పాత్రలు రైతు, వర్తకుడు, వేటగాడు, వైద్యుడు, చేతిపనివాడు లాంటివాళ్లు, ఊరి నుంచి ఊరికి నడిచే బాటసారులు. అక్కడ వృత్తి వీరుడి పక్కన తగిలించిన అలంకారం కాదు, పాత్ర అంటేనే వృత్తి.

కాలాన్ని సరిగా పట్టుకున్నది మాత్రం ఆర్స్ మాజికా. జొనాథన్ ట్వీట్, మార్క్ రైన్ హేగెన్ 1987లో తెచ్చిన ఈ ఆటలో మాంత్రికులు మధ్యయుగపు యూరప్‌లో ఒక ఆశ్రమం లాంటి చోట కలిసి ఉంటారు. కాలానికి కొల ఋతువు, ఏడాదికి నాలుగు. ఒక ఋతువంతా ప్రయోగశాలలో కూర్చుంటే ఒక మంత్రవస్తువు ముందుకు సాగుతుంది, కానీ ఆ ఋతువులో ఇంకేదీ నేర్చుకోలేవు, ఎక్కడికీ వెళ్లలేవు. కథ మధ్యలో పిలుపు వస్తే పని ఆపి వెళ్లాలా వద్దా అన్నదే ఆటలో అసలు నొప్పి. ఒక్కో ఆటగాడికి ఒకటికి మించి పాత్రలుండటం దీనిలోని తెలివి. మాంత్రికుడు లోపల పనిలో ఉంటే అదే ఆటగాడు కాపలావాడిగా బయటికి వెళ్తాడు, ఎవరూ బల్ల దగ్గర ఖాళీగా కూర్చోరు. చేతిపని రూల్ రాసే ప్రతివాళ్లూ ముందు తమ కథలో అలాంటి ఋతువులు ఉన్నాయా అని చూసుకోవాలి. లేకపోతే రూల్ ఎంత చక్కగా రాసినా ఉపయోగం ఉండదు. వానాకాలం వస్తే దారులు మూసుకుపోతాయని నేను మా కథాలోకంలో ఒక్క వాక్యం చేర్చాను. అది మిగతా రూల్స్ అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది.

2010లో విన్సెంట్ బేకర్ రాసిన అపోకలిప్స్ వరల్డ్‌లో పాడైన యంత్రాలు బాగుచేసే పాత్ర ఒకటి ఉంది. ఆ పాత్ర తన పనిచోటుకు వెళ్లి, ఇది చేస్తానంటే, గేమ్ మాస్టర్ సరేనని, దాని వెంట ఒకటి నుంచి నాలుగు షరతులు పెడతాడు. నెలలు పడుతుంది. ముందు ఫలానా భాగం సంపాదించాలి. ఫలానా మనిషి సాయం కావాలి. చేసినా నమ్మకంగా పనిచెయ్యదు. అవుతుందా లేదా అన్న పాచిక లేదు, దేనికి ఒప్పుకుంటావన్న బేరం ఉంది. వస్తువు ఎప్పుడూ సాధ్యమే, దాని దగ్గరికి వెళ్లే దారి ఒక కథ. జాన్ హార్పర్ బ్లేడ్స్ ఇన్ ద డార్క్ (2017) దీనికి కంటికి కనిపించే రూపం ఇచ్చింది. పెద్ద పనికి గుండ్రంగా ఎనిమిది ముక్కల గడియారం గీస్తారు. రెండు దోపిడీల మధ్య దొరికే తీరికలో ఆటగాడు దాని మీద పనిచేస్తే, పాచికను బట్టి కొన్ని ముక్కలు నిండుతాయి. అదే తీరికలో గాయం మాన్పించుకోవాలి, మనసు తేలిక చేసుకోవాలి. తీరికలో ఉచితంగా చేసుకోగల పనులు రెండే. ధరల పట్టిక అక్కర్లేకుండా కొరత పుట్టింది. సొంత రూల్స్ రాసేవాళ్లు ఎత్తుకోదగ్గ పనిముట్టు ఒక్కటే చెప్పమంటే నేను ఈ గడియారాన్నే చెబుతాను.

సరుకుల జాబితాల దారి మీద నాకు అంత నమ్మకం లేదు. 2018లో వచ్చిన విచర్ ఆటలో నమూనాలు, ముడిసరుకుల పేర్లు, ఏది ఎంత కావాలో అన్నీ ఉంటాయి. కంప్యూటర్ ఆటల అలవాటుతో చాలామంది ఇళ్లలో కూడా ప్రతి జంతువు కోర, తోలు, పిత్తం, పొలుసు రాసుకునే పద్ధతి వచ్చింది. కంప్యూటర్ ఆ లెక్క తానే చూసుకుంటుంది. బల్ల దగ్గర మనిషి రాయాలి. మా దగ్గర మూడో వారానికి కాగితాలు నిండాయి, ఎవరి సంచిలో ఎన్ని పొలుసులున్నాయో అడగడం మానేశాం. చివరికి సరుకును మూడు తరగతులు చేశాను. డబ్బుకు ఎక్కడైనా దొరికేది, లెక్క రాయక్కర్లేదు. ఒక చోటే దొరికేది, ఆ ఊరి పేరు రాసుకుంటే చాలు. ప్రపంచంలో ఒక్కటే ఉన్నది, దాని కథ రాసుకోవాలి.

రెండో తరగతి నాకు తట్టింది కోనసముద్రం గురించి చదివినప్పుడు. నిజామాబాద్ ప్రాంతపు ఈ ఊళ్లో ఒకప్పుడు మూస ఉక్కు చేసేవారు. ఇనుమును మట్టి మూసల్లో మూసి కొలిమిలో గంటల తరబడి కాచి, మెల్లగా చల్లార్చేవారు. పారశీక వర్తకులు ఈ ఉక్కు కోసం అంత దూరం నుంచి వచ్చేవారు. పందొమ్మిదో శతాబ్దపు తొలి దశకాల్లో భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ దీన్ని స్వయంగా చూసి రాశాడు. ఫాంటసీ ఆటల్లో డమాస్కస్ కత్తి అని మెరిసే వస్తువు వెనక ఇలాంటి దక్కన్ కొలుములున్నాయి. ఈ ఉక్కుకున్న ఊట్జ్ అన్న ఇంగ్లిష్ పేరుకు మూలం మన దక్షిణాది ఉక్కు అనే మాటేనని చాలామంది పండితులు అంటారు. రూల్ రాసేవాడి కంటితో చూస్తే ఇందులో మూడు సంగతులు దొరుకుతాయి. సరుకు చోటుకు కట్టుబడి ఉంది, కాబట్టి ప్రయాణం. కొనేవాడు ఎక్కడి నుంచో వస్తాడు, కాబట్టి బయటి లోకం. మూస మూశాక లోపల ఏం జరుగుతోందో కనబడదు, పగలగొట్టాకే తెలుస్తుంది. ఆ పగలగొట్టే క్షణం దగ్గరే పాచిక వెయ్యాలి. వారం వారం పాచిక వేయించి ఆ క్షణాన్ని నీరుగార్చకూడదు.

శ్రీకాళహస్తి కలంకారీ ఇంకో పాఠం. నల్లరంగు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. బట్టను కరక్కాయ, పాల కషాయంలో నానబెట్టి ఆరబెడతారు. ఆ పాల వల్లే గీత చెదరకుండా నిలుస్తుంది. ఆ బట్ట మీద నల్లరంగు తేలుతుంది. పారే నీళ్లలో ఉతుకులు వేరే. ఈ వరుస తారుమారైతే పని చెడుతుంది, ఎంతమంది చేతులు వేసినా పులియడం తొందరపడదు. మన రూల్స్‌లో మనుషులు చేరితే కాలం తగ్గుతుందని ఎప్పుడూ రాస్తాం. కొన్ని పనులకు ఆ మాట చెల్లదని రాసి చూడండి. గడువు ముంచుకొస్తున్న కథలో పులియని కుండ ఒక శత్రువంత బరువుగా నిలబడుతుంది.

వృత్తికి ప్రతిఫలం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మూడో ఎడిషన్‌లో వృత్తి నేర్పు ఉన్నవాడు వారానికోసారి పాచిక వేసి, వచ్చినదానిలో సగం బంగారు నాణేలు తీసుకుంటాడు. మొత్తం 20 వస్తే పది. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, రూల్‌కు పట్టదు. మన పల్లెల్లో ఆయగాళ్ల పద్ధతిలో కమ్మరికి, వడ్రంగికి ఒక్కో నాగలికీ వెల కట్టేవారు కాదు. కోతలప్పుడు కల్లంలో ధాన్యం కొలిచేవారు, బదులుగా ఏడాది పొడవునా రైతుల పనిముట్లు చూసుకోవడం వాళ్ల బాధ్యత. ఆ పద్ధతిలో కులం బిగించిన కట్లు ఉన్నాయి. పుట్టుకను బట్టి పాత్రకు వృత్తి అంటగట్టే రూల్‌ను నేను రాయను, ఎవరూ రాయకూడదని కోరుకుంటాను. అయితే జీతం ఒక సంబంధంగా ఉండటమన్న ఆలోచన ఆటకు ఎంతో బలం. మా కమ్మరికి ఇప్పుడు నాణేలు రావు. అతను ఉన్న ఊళ్లో అతనికి ఆకలి ఉండదు, అతని మీద ఆ ఊరికి హక్కు ఉంటుంది. మందుల దుకాణం చిక్కు దీనితోనే తీరింది. సంతలో అనంతంగా కొనేవాళ్లు లేరు, ఉన్నది పేర్లు తెలిసిన నలభై ఇళ్లు.

తప్పిపోయిన పాచికకు ఏం జరగాలన్నది అందరూ తొందరగా దాటేసే చోటు. మూడో ఎడిషన్ రూల్‌లో అయిదు అంకెలు తక్కువ పడితే సగం సరుకు పాడవుతుంది. నెలల ఆట ఒక్క పాచికతో బూడిదైతే ఆటగాడు మళ్లీ ప్రయత్నించడు. నేను వస్తువును ఎప్పుడూ పోనివ్వను. తక్కువ పడితే ఆటగాడే ఎంచుకుంటాడు: ఆలస్యం, అప్పు, లేదా తనకు మాత్రమే తెలిసిన ఒక లోపం. ఎక్కువసార్లు లోపాన్నే ఎంచుకుంటారు. ఆ లోపం ఉన్న కత్తిని మిత్రుడి చేతికి ఇస్తూ చెప్పాలా వద్దా అని తటపటాయించే క్షణం కోసం నేను ఎన్ని పట్టికలైనా వదులుకుంటాను.

1979 పట్టిక మీద గౌరవం పెరిగిందన్నాను కదా. ఆ పట్టిక వృత్తికి ఆదాయం ఇవ్వలేదు, వస్తువులు ఇవ్వలేదు, ఒక గతాన్ని మాత్రం ఇచ్చింది. గతం ఉంటే చూపు ఉంటుంది. తాపీమేస్త్రీ కోటగోడను చూసి ఎక్కడ కొత్తగా కట్టారో చెబుతాడు. తోలుపనివాడు చెప్పుల జత చూసి ఎంత దూరం నడిచాయో చెబుతాడు. మా బల్ల దగ్గర ప్రతి సెషన్‌లో ఒక్కో వృత్తిదారుడికి ఒక ప్రశ్న హక్కు: దీన్ని ఎవరు చేశారు, సరుకు ఎక్కడిది, ఎక్కడ బలహీనం. గేమ్ మాస్టర్ నిజమే చెప్పాలి. ఒక్క పంక్తి రూల్, పాచిక లేదు, లెక్క లేదు. వృత్తి రూల్స్‌కు ఓపిక లేని బృందాలకు ఇది ఒక్కటి చాలు.

కిందటి నెల ఆటలో వానలకు ముందు మూడు వారాలు మిగిలాయి. కొలిమి ఒకటే, కమ్మరి ఒకడే, ఊరి పిల్ల ఒకతె తిత్తులు ఊదుతుంది. కోతకు కొడవళ్లు అరిగిపోయాయని ఊరు అడిగింది. ఉత్తరం నుంచి దండు వస్తోందని, ఇరవై బల్లెపు మొనలు కావాలని మిగతా పాత్రలు అడిగాయి. గడియారం గీశాను, రెండిటికీ సరిపడా ముక్కలు లేవు. ఆ రాత్రి గంటసేపు ఎవరూ పాచిక ముట్టుకోలేదు. కమ్మరి ఆడే మిత్రుడు అందరి మాటలూ విని, పాత కొడవళ్లన్నీ పట్టుకు రమ్మని ఊరికి కబురు పెట్టాడు. సగం కొడవళ్లకు పదును పెట్టాడు, మిగతా సగాన్ని సాగగొట్టి మొనలు చేశాడు. పదకొండు మొనలు తేలాయి. కోత ఆలస్యంగా మొదలైంది, దండు ఇంకా రాలేదు.